లైసెన్స్ నంబరు ఉన్న మందంటే భయం లేనట్టేనా?

బారువ_తీరం:

ఉద్దానం ఊళ్ళలో మందుల గురించి రెండు మాటలు నడుస్తున్నాయి. "గవర్నమెంటు పర్మిషన్ ఇచ్చిందంటే టెస్టులన్నీ అయ్యే కదా బజార్లోకొచ్చింది, ఏటీ కాదు, మింగెయ్" అనేవాళ్ళు కొందరు. "అంతా కంపెనీల మాయ, ఆకుపసరే మేలు" అనేవాళ్ళు ఇంకొందరు. రెండూ సరికాదని తెలుస్తోంది గానీ, తప్పు ఎక్కడుందో విడమర్చి చెప్పేవాళ్ళు దొరకడం లేదు.

2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన దగ్గు సిరప్ లైసెన్సున్న ఫ్యాక్టరీలో తయారైందే. 2024 ఆగస్టులో కేంద్రం ఒకే దెబ్బకి 156 కాంబినేషన్ మందుల్ని నిషేధించింది. అవి అంతకు ముందు రోజు దాకా షాపుల్లో అమ్మినవే. అలాంటప్పుడు అనుమతి అన్నదానికి అర్థమేటి? కొనేవాళ్ళు స్ట్రిప్ మీద ఏం చూడాలి? కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న మా వైపు వాళ్ళు వేరేగా జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయా? షుగరు మిషన్ల సంగతేంటి? వివరంగా రాస్తే ప్రింటు తీసి గ్రంథాలయంలో అంటిస్తాం.

మందుల_కౌంటర్ (చీపురుపల్లి):

బారువ గారూ, అనుమతి అని మనం ఒకే మాట వాడేస్తాం గానీ అందులో మూడు వేరు వేరు కాగితాలున్నాయి. ముందు వాటిని విడదీయాలి.

మొదటిది మందుకి ఇచ్చేది. దేశంలోకి కొత్త మందు రావాలంటే ఢిల్లీలోని కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ (సీడీఎస్‌సీవో) ట్రయల్స్ (మనుషుల మీద చేసే పరీక్షలు) ఫలితాలు చూసి ఒప్పుకోవాలి. రెండోది ఫ్యాక్టరీకి ఇచ్చే తయారీ లైసెన్సు. చాలా మందులకి దీన్నిచ్చేది ఆ ఫ్యాక్టరీ ఉన్న రాష్ట్రం. మూడోది మా షాపు లైసెన్సు: ఫారం 20, ఫారం 21. ఇది కొనేవాళ్ళకి కనబడేలా గోడకి ఉండాలి. లేకపోతే అడగండి.

స్ట్రిప్ మీద కనబడే నంబరు రెండోదే. "ఫలానా ఫ్యాక్టరీకి ఈ మందు తయారు చేసే హక్కుంది" అన్నంత వరకే దాని అర్థం. మీ చేతిలో ఉన్న బ్యాచ్‌ని (ఒకే విడతలో తయారైన సరుకుని) ప్రభుత్వం పరీక్షించిందని కాదు. టీకాల్లాంటి వాటికి మాత్రం బ్యాచ్ బయటకు వెళ్ళే ముందు కసౌలీలోని కేంద్ర ల్యాబ్ చూసి వదులుతుంది. మామూలు బిళ్ళలకీ సిరప్‌లకీ కంపెనీ సొంత ల్యాబ్ సరేనంటే చాలు, లారీ ఎక్కేస్తాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ శాంపిల్ తీసేది ఆ తర్వాత, షాపుల్లోంచి. నాణ్యత లేదని తేలినవాటి జాబితా సీడీఎస్‌సీవో నెలనెలా తన వెబ్‌సైట్లో పెడుతుంది, బ్యాచ్ నంబరుతో సహా. జాబితా వచ్చేసరికి ఆ బ్యాచ్‌లో చాలా భాగం అమ్ముడైపోయి ఉండొచ్చు. అయినా నెలకోసారి చూసుకోవడం మంచిదే, ముఖ్యంగా ఏళ్ళ తరబడి ఒకే మందు వాడేవాళ్ళు.

ఇక స్ట్రిప్ మీద చూడాల్సినవి. బ్రాండు పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరూ, మిల్లీగ్రాములూ చదవండి. జ్వరానికి ఒకటి, ఒళ్ళు నొప్పులకి ఒకటి, జలుబుకి ఒకటి అని మూడు బ్రాండ్లు కొంటే మూడింట్లోనూ పారాసిటమాల్ ఉండొచ్చు. పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. బక్కపలచని వాళ్ళకీ, లివర్ బాగోలేని వాళ్ళకీ, రోజూ మద్యం తాగేవాళ్ళకీ ఇంకా తక్కువే. ఎడమ పక్క నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందు. "షెడ్యూల్ హెచ్1" అని ఎర్ర డబ్బాలో హెచ్చరిక ఉంటే దాన్ని అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో మేము రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి.

2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడో బార్ కోడో తప్పనిసరి. స్కాన్ చేస్తే మందు పేరు, కంపెనీ చిరునామా, బ్యాచ్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, లైసెన్స్ నంబరు రావాలి. వచ్చిన బ్యాచ్ నంబరు స్ట్రిప్ మీద అచ్చయిన నంబరుతో ఒక్క అక్షరం కూడా తేడా రాకూడదు. కోడ్‌ని కూడా నకలు తియ్యొచ్చు కాబట్టి, పోలిక కుదిరితే అసలుదే అని నూటికి నూరు పాళ్ళూ చెప్పలేం. కుదరకపోతే మాత్రం కొనకండి.

మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు స్ట్రిప్ కత్తిరింపు. నాలుగు బిళ్ళలు చాలంటే కత్తెరతో కోసి ఇస్తారు. బ్యాచ్ నంబరూ ఎక్స్‌పైరీ అచ్చయిన కొస షాపులోనే ఉండిపోతుంది. తర్వాత ఏదైనా అయితే ఆ బిళ్ళ ఏ బ్యాచ్‌దో చెప్పడానికి ఆధారమే ఉండదు. నంబరున్న కొసే ఇమ్మనండి, లేదా కోసే ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. ఎలాగూ బిల్లు మీద బ్యాచ్ నంబరు పడాలి.

క్యూసీ_రణస్థలం:

కౌంటర్ గారు చెప్పిన "కంపెనీ ల్యాబ్ సరేనంటే చాలు" అన్న చోటే దగ్గు సిరప్ కథంతా ఉంది. దాన్ని కొంచెం లోతుగా రాస్తాను, ఎందుకంటే ఇది అనుమతి లోపం అనుకుంటారు గానీ అసలు లోపం ఫ్యాక్టరీకి వచ్చే ముడిసరుకు డ్రమ్ము దగ్గరుంది.

పారాసిటమాల్ లాంటివి నీళ్ళలో సరిగా కరగవు. కరిగించడానికి ప్రొపిలీన్ గ్లైకాల్, చిక్కదనానికీ తీపికీ గ్లిజరిన్, సార్బిటాల్ వాడతారు. వీటిలో మందుల గ్రేడు ఒకటి, రంగుల కంపెనీలకీ ప్లాస్టిక్‌లకీ వాడే పారిశ్రామిక గ్రేడు ఇంకొకటి. రెండూ చూడ్డానికి రంగులేని చిక్కటి ద్రవాలే. పారిశ్రామిక సరుకులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉండొచ్చు. ఒక్కోసారి డ్రమ్ములో ఉన్నదంతా అదే కావచ్చు, లేబుల్ మాత్రం ప్రొపిలీన్ గ్లైకాల్ అని ఉంటుంది. దాని రుచి కూడా తీపే, అందుకే పిల్లలు మారాం చెయ్యకుండా తాగేస్తారు.

దానికి అనుమతించిన హద్దు 0.1 శాతం. ఛింద్వాడా కేసులో కోల్డ్‌రిఫ్ సిరప్ బ్యాచ్‌లో తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్‌కి దొరికింది 48.6 శాతం. లెక్క వేసి చూడండి: 5 మిల్లీలీటర్ల ఒక్క చెంచాలో హద్దు ప్రకారం 5 మిల్లీగ్రాములకు మించకూడదు, ఉన్నది దాదాపు 2,400 మిల్లీగ్రాములు. పసిపిల్లల చిన్న శరీరంలో కిడ్నీలు నాలుగైదు చెంచాలకే ఆగిపోగలవు. మొదటి ఒకటి రెండు రోజులు వాంతులు, కడుపు నొప్పి, ఆ తర్వాత మూత్రం తగ్గిపోవడం. సిరప్ తాగుతున్న పిల్ల ఆరేడు గంటలు మూత్రం పోయకపోతే సీసా చేత్తో పట్టుకుని డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. జలుబే కదా అని ఇంకో రోజు చూడకూడదు.

ఇది కొత్త విషమేం కాదు. 1937లో అమెరికాలో ఇదే ద్రవంలో కరిగించిన సల్ఫా మందుతో వంద మందికి పైగా పోయారు, మరుసటి ఏడే అక్కడ చట్టం మారింది. 1986లో ముంబై జేజే ఆసుపత్రిలో, 2020 ప్రాంతంలో జమ్మూ ఉధంపూర్ జిల్లాలో, 2022లో గాంబియాలో, ఉజ్బెకిస్తాన్‌లో కూడా ఇదే. తొంభై ఏళ్ళుగా తెలిసిన విషం, దాన్ని పట్టుకునే పరీక్ష కూడా తెలిసిందే. గాజు లేదా అల్యూమినియం పలక మీద చేసే టీఎల్‌సీ పరీక్ష అదే రోజు తేల్చేస్తుంది, పక్కా కొలతకి గ్యాస్ క్రొమటోగ్రఫీ ఉంది. మరి ఎందుకు తప్పిపోతోంది? డ్రమ్ములు నేరుగా తయారీదారు దగ్గర కాకుండా మధ్యవర్తి దగ్గర కొంటారు. మధ్యవర్తి ఇచ్చిన పరీక్ష కాగితాన్నే ఫైల్లో పెట్టుకుంటారు. ఇరవై డ్రమ్ములొస్తే ఇరవైలోంచీ విడివిడిగా నమూనా తియ్యాలి, ఒక్కదాంట్లోంచి తీసి మిగతా పందొమ్మిదికీ అదే రాసేస్తారు. తయారైన సిరప్‌లో మందు శాతం కొలిచేవారు, విషం ఉందో లేదో కొలిచేవారు కాదు. ఎగుమతి చేసే దగ్గు సిరప్‌కి 2023 జూన్ 1 నుంచి ప్రభుత్వం గుర్తించిన ల్యాబ్ పరీక్ష తప్పనిసరి చేశారు. మన ఊళ్ళో అమ్మే సిరప్‌కి అప్పుడు అలాంటి నిబంధన పెట్టలేదు. ఆ తేడా నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయం.

ఇంకో సంగతి. "పరీక్షించి పాస్ చేశారు" అన్నా కూడా పరీక్షకి ఒక హద్దుంది. ఇంజెక్షన్ వయల్స్‌లో సూక్ష్మజీవులు లేవని చూసే స్టెరిలిటీ టెస్టుకి పెద్ద బ్యాచ్ నుంచి సాధారణంగా 20 వయల్స్ తీసి 14 రోజులు పెంచి చూస్తారు. బ్యాచ్‌లో నూటికి ఒకటి కలుషితమై ఉందనుకోండి. తీసిన ఇరవయ్యీ మంచివే వచ్చే అవకాశం 82 శాతం. అంటే అలాంటి చెడ్డ బ్యాచ్ ఐదింటిలో నాలుగు సార్లు దర్జాగా పాసైపోతుంది. అందుకే రక్షణ పరీక్షలో ఉండదు, తయారీ పద్ధతిలో ఉంటుంది: గాలి వడపోత, మనిషి వేసుకునే గౌను, ఆవిరి వేడితో సూక్ష్మజీవుల్ని చంపే ఆటోక్లేవ్ ఎన్ని నిమిషాలు ఎంత వేడిలో నడిచిందన్న రికార్డు. షెడ్యూల్ ఎం అనే నియమావళి చూసేది ఇదే. దాన్ని 2024 జనవరిలో కట్టుదిట్టం చేశారు. 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలకి ఆరు నెలలు, చిన్నవాటికి పొడిగింపుతో 2025 డిసెంబరు దాకా గడువిచ్చారు.

పెట్టె మీద "డబ్ల్యూహెచ్‌ఓ జీఎంపీ" అని ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ వచ్చి చూసిందని చాలామంది అనుకుంటారు. ఆ సంస్థ మార్గదర్శకాల ప్రకారం మన అధికారులు తనిఖీ చేసి ఇచ్చే సర్టిఫికెట్ అది. ఉంటే మంచిదే, కానీ అదీ ఫ్యాక్టరీకే, మీ చేతిలోని సీసాకి కాదు.

బారువ_తీరం:

బ్యాచ్ సంగతి అర్థమైంది. మరి అసలు మందు మంచిదా కాదా అన్నది ట్రయల్స్‌లో తేలిపోతుంది కదా? అలాంటప్పుడు ఒప్పుకున్న మందుల్ని తర్వాత ఎందుకు ఆపేస్తారు? ఇంకోటి, ఇక్కడ చాలామంది ఆయుర్వేదం పొట్లాల మీద కూడా లైసెన్స్ నంబరుందని చూపిస్తున్నారు.

వార్డు_డ్యూటీ (శ్రీకాకుళం):

ట్రయల్‌లో అంతా తేలిపోదు తమ్ముడూ. కొంత తేలుతుంది, తేలనిది చాలా మిగిలిపోతుంది.

మొదటి దశలో కొన్ని పదుల మంది, రెండో దశలో కొన్ని వందలు, మూడో దశలో సాధారణంగా వెయ్యి నుంచి కొన్ని వేలు. 3,000 మందికి ఇచ్చి ఒక్కరికీ ఒక చెడు ప్రభావం కనబడలేదంటే, అది వెయ్యి మందిలో ఒకరి కంటే అరుదు అని మాత్రమే ధైర్యంగా చెప్పగలం. పదివేలలో ఒకరికి వచ్చేదైతే ఆ 3,000 మందిలో అసలు కనబడకపోయే అవకాశమే నాలుగింట మూడొంతులు. అమెరికాలో 1998లో ఒప్పుకున్న రోటాషీల్డ్ అనే టీకాకి (పసిపిల్లలకి రోటావైరస్ విరేచనాలు రాకుండా వేసేది) సరిగ్గా ఇదే జరిగింది. పసిపిల్లల పేగు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయే సమస్య సుమారు పదివేలలో ఒకరికి వస్తోందని లక్షల మందికి వేశాకే బయటపడింది, 1999 అక్టోబరులో ఆపేశారు. ఆ తర్వాతి రోటా టీకాల్ని 60 వేలకు పైగా పిల్లల మీద పరీక్షించారు.

అది అరుదైన, కంటపడే సమస్య. ఇంతకంటే కష్టమైనది, మామూలుగానే జనానికి వచ్చే జబ్బుని మందు ఇంకొంచెం పెంచడం. రోఫెకాక్సిబ్ అనే కీళ్ళనొప్పుల మందు 1999లో వచ్చింది, గుండెపోట్లు పెంచుతోందని 2004 సెప్టెంబరులో కంపెనీయే ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అరవై ఏళ్ళాయనకి గుండెపోటొస్తే మోకాళ్ళ బిళ్ళని ఎవరు అనుమానిస్తారు? ఒక్కో డాక్టరుకి ఒక్కో కేసుగా అది కనబడదు, వేల మందిని పోల్చి చూస్తేనే లెక్క తేలుతుంది.

దీని అర్థం అనుమతి ఉత్తదని కాదు. 1957లో జర్మనీలో వేవిళ్ళకీ నిద్రకీ అమ్మిన థాలిడోమైడ్ వల్ల సుమారు పదివేల మంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి ఆధారాలు చాలవని ఫైలు ఆపేసినందుకే అక్కడ ఆ ఘోరం చాలా మటుకు తప్పింది. అనుమతి అంటే ఇంతే: ఈ జబ్బుకి, ఈ మోతాదులో, ఇలాంటి మనుషుల్లో, ఇప్పటిదాకా ఉన్న ఆధారాల ప్రకారం కీడు కంటే మేలు ఎక్కువ అన్న తీర్పు. ఆధారం మారితే తీర్పూ మారుతుంది. షుగరుకి వాడే పయోగ్లిటజోన్‌ని మన దేశంలో 2013 జూన్‌లో ఆపి, జూలైకల్లా హెచ్చరికతో మళ్ళీ అనుమతించారు. నిమెసులైడ్‌ని 2011లో 12 ఏళ్ళలోపు పిల్లలకి ఆపేశారు, పెద్దలకి ఉంచారు.

మీరడిగిన 156 సంగతి వేరు. అవి ప్రమాదమని కొత్తగా కనుక్కున్నవి కావు. రెండు మూడు మందులు ఒకే బిళ్ళలో కలపడానికి కారణం ఉందా అని నిపుణుల కమిటీ అడిగితే, సరైన జవాబు లేనివి. 2016లో 344 కాంబినేషన్లు, కోర్టుల చుట్టూ తిరిగి 2018లో 328, మళ్ళీ 2024లో ఈ 156 నిషేధించారు. ఎసిక్లోఫెనాక్ 50, పారాసిటమాల్ 125 మిల్లీగ్రాములు కలిపిన బిళ్ళ వీటిలో ఒకటి. వీటిలో చాలావాటికి కేంద్రం దగ్గర విడిగా పరిశీలన లేకుండానే రాష్ట్రాల లైసెన్సులు వచ్చాయి, అసలు గొడవ అక్కడే మొదలైంది. ఒకే బిళ్ళలో మూడు పేర్లు కనబడితే ప్రతి పేరుకీ "ఇది నాకెందుకు" అని డాక్టర్ని అడగండి. జవాబు చెప్పడం మా పని.

ఇప్పుడు ఉద్దానం. ట్రయల్స్‌లోకి కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళని, గర్భిణుల్ని, బాగా ముసలివాళ్ళని సాధారణంగా తీసుకోరు. కాబట్టి "సురక్షితం" అన్న తీర్పు వాళ్ళని చూసి ఇచ్చింది కాదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మీ పెద్దవాళ్ళ మీద దీన్ని అలాగే మోపకూడదు.

అన్నిటికంటే నొప్పి బిళ్ళలు: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, పైరాక్సికామ్. అన్నీ అనుమతి ఉన్నవే. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళం తెరుచుకుని ఉండటానికి ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం సాయం చేస్తుంది. నొప్పి బిళ్ళ ఆపేది దాన్నే. ఆరోగ్యంగా, నీళ్ళు బాగా తాగిన మనిషికి తట్టుకునే శక్తి ఉంటుంది. ఎండలో జీడితోటలో పని చేసి చెమటంతా పోయి, పైగా బీపీకి టెల్మిసార్టాన్ గానీ రామిప్రిల్ గానీ, మూత్రం పోయించే మందు గానీ వేసుకుంటున్న మనిషికి ఉండదు. నొప్పి బిళ్ళ, ఆ బీపీ బిళ్ళ, మూత్రం బిళ్ళ, ఈ మూడూ కలిసినప్పుడు కిడ్నీ కొద్ది రోజుల్లోనే కుప్పకూలొచ్చు. మూడూ దేనికది సరైన మందే. నొప్పికి ముందు పారాసిటమాల్ చూడాలి. "సూదేస్తే తగ్గిపోద్ది" అని వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కూడా బిళ్ళతో సమానమే. దాంతో పాటు జెంటామైసిన్ గానీ అమికాసిన్ గానీ (ఇవి యాంటీబయాటిక్ సూదులు) వేస్తే ఇంకా చేటు.

షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే లెక్క) 30 కంటే తగ్గితే ఆపాలి. టెల్మిసార్టాన్, స్పైరొనోలాక్టోన్ లాంటివి పొటాషియం పెంచుతాయి, కొబ్బరినీళ్ళలోనూ అది ఎక్కువే, కాబట్టి ఆ మందులు వాడుతున్న కిడ్నీ రోగి కొబ్బరినీళ్ళు రోజూ తాగకూడదు. కొబ్బరితోటల్లో ఉండేవాళ్ళకి ఈ మాట చెప్పడం కష్టమే, కానీ చెప్పి తీరాలి. మందుల చీటీ పైన "చివరి క్రియాటినిన్ (కిడ్నీ రక్తపరీక్ష) ఇంత, ఫలానా తేదీ" అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకుని, ఎవరి దగ్గరికి వెళ్ళినా, ఆర్‌ఎంపీ దగ్గరికైనా సరే, ముందు అది చూపించండి.

మందుల_కౌంటర్ (చీపురుపల్లి):

ఆయుర్వేదం ప్రశ్నకి జవాబు. ఆ లైసెన్సు ఫారం 25-డి మీద వస్తుంది. చట్టంలో జాబితా వేసిన పాత గ్రంథాల్లోని యోగమే (మందు కూర్పే), అందులో చెప్పిన జబ్బుకే తయారు చేస్తే భద్రతా పరీక్షల ఫలితాలు అడగరు. వేల ఏళ్ళ వాడుకే ఆధారం అన్నది చట్టం ఉద్దేశం. కిడ్నీ దెబ్బ తినేది నెమ్మదిగా, ఏళ్ళ మీద. మూలికకీ దానికీ సంబంధం ఉందని వాడుక మీదే కనిపెట్టడం ఎవరి వల్లా కాదు. నల్లేశ్వరి, గాడిదగడపాకు రెండూ అరిస్టలోకియా జాతి మొక్కలు. ఆ జాతిలో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం కిడ్నీల్ని పాడు చేస్తుందనీ, మూత్రనాళాల క్యాన్సర్ తెస్తుందనీ ప్రపంచమంతా ఒప్పుకున్న విషయం. పాము కాటుకీ కడుపులో పురుగులకీ వీటి పసరు తాగే అలవాటు మన కొండ దిగువ ఊళ్ళలో ఉంది. ఉద్దానంలో అసలు వద్దు.

షుగరు, కిడ్నీలో రాళ్ళు "పూర్తిగా నయం చేస్తాం" అని ఏ మందు లేబుల్ మీదా రాసుకోకూడదు, షెడ్యూల్ జె కింద అది నిషేధం. అలా రాసి ఉంటే లైసెన్స్ నంబరు చూడక్కర్లేదు, పక్కన పెట్టేయండి. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటే అది మందు కాదు, ఆహారం. ప్రొటీన్ పొడులూ "కీళ్ళ శక్తి" డబ్బాలూ ఎక్కువగా ఈ కోవలోవే.

బయోమెడికల్_విజయనగరం:

మిషన్ల సంగతి నేను రాస్తాను. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నిటినీ చట్టం కింద మందుల లెక్కలోకి తెచ్చారు. ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి తరగతులు. ఎ, బి తయారీకి లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది, సి, డి కేంద్రం ఇస్తుంది. పెట్టె మీద లైసెన్స్ నంబరు మధ్యలో "ఎండీ" అన్న అక్షరాలుంటాయి, దిగుమతి సరుకైతే మొదట్లో "ఐఎంపీ" ఉంటుంది. ఆన్‌లైన్లో కొనే పెట్టెల మీద "ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్" అని చూసి మోసపోకండి. అమెరికా సంస్థ దగ్గర కంపెనీ పేరు నమోదు చేసుకోవడం వేరు, ఆ పరికరాన్ని వాళ్ళు ఒప్పుకోవడం వేరు.

అనుమతి ఉన్న షుగరు మిషన్‌కి కూడా తేడా చూపించే వెసులుబాటు ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 లోపు రీడింగుల్లో 15 పాయింట్లు, 100 పైన 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అదీ నూటికి 95 రీడింగుల్లో. అసలు 200 ఉంటే మిషన్ 170 చూపినా 230 చూపినా చెడిపోయినట్టు కాదు. ఒక్క రీడింగు చూసి ఇన్సులిన్ పెంచేయకండి. పండు కోసిన చేత్తో గుచ్చుకుంటే వేలి మీది తీపే రీడింగులో కలుస్తుంది, సబ్బుతో కడిగి ఆరాక గుచ్చాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే తీరం గాలిలోని చెమ్మకే పాడవుతాయి. తెరిచిన తేదీ డబ్బా మీద రాయండి, ఆ తర్వాత ఎన్నాళ్ళు పనికొస్తాయో డబ్బా మీదే ఉంటుంది.

కిడ్నీ రోగులకి రెండు ప్రత్యేక ప్రమాదాలు. రక్తహీనత ఎక్కువగా ఉంటే చాలా మిషన్లు షుగరుని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. మిషన్‌తో వచ్చిన కాగితంలో "హెమటోక్రిట్" (రక్తంలో ఎర్రకణాల శాతం) అన్న చోట ఏ పరిధిలో పని చేస్తుందో ఉంటుంది, మీ రిపోర్టులో సంఖ్య దానికి తక్కువైతే ల్యాబ్ పరీక్షే నమ్మాలి. రెండోది, ఇంట్లో పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవాళ్ళది. ఆ ద్రవాల్లో ఐకోడెక్స్‌ట్రిన్ అనేది ఒకటుంది, అది ఒంట్లో మాల్టోజ్ అనే వేరే రకం చక్కెరగా విరుగుతుంది. జీడీహెచ్-పీక్యూక్యూ అనే ఎంజైము వాడే పాత తరహా స్ట్రిప్పులు మాల్టోజ్‌ని కూడా షుగరుగా లెక్కేస్తాయి. అసలు 50 ఉన్న మనిషికి 200 అని చూపిస్తుంది, ఇన్సులిన్ వేస్తారు, మనిషి స్పృహ తప్పుతాడు. ఇలాంటి పొరపాట్ల వల్ల అప్పటికి తమ దృష్టికి వచ్చినవే 13 మరణాలని అమెరికా ఎఫ్‌డీఏ 2009లో హెచ్చరించింది. మిషన్‌కీ అనుమతి ఉంది, స్ట్రిప్పుకీ ఉంది, ద్రవానికీ ఉంది. కాగితంలో "మాల్టోజ్" అన్న మాట వెతకండి, అడ్డు వస్తుందని రాసి ఉంటే ఆ స్ట్రిప్పులు వాడకండి.

మందుల_కౌంటర్ (చీపురుపల్లి):

దీనికి ఇంకోటి జోడిస్తాను. ఫ్యాక్టరీ నుంచి బాగా వచ్చిన మందు దారిలో పాడైతే ఏ అనుమతీ కాపాడదు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. 2018 అక్టోబరు తిత్లీ తుపానప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి తర్వాత షాపు ఫ్రిజ్‌లోంచి కొనేటప్పుడు జనరేటర్ ఉందా, ఉష్ణోగ్రత రాసే పుస్తకం ఉందా అని అడగండి. వాడుతున్న సీసా ఎండ తగలని చల్లటి చోట సుమారు 28 రోజులు ఆగుతుంది, కరెంటు లేనప్పుడు తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో ఉంచండి. కుండలో నీళ్ళు సీసాకి తగలకూడదు. తేటగా ఉండాల్సిన ఇన్సులిన్ మబ్బుగా ఉన్నా, వాడే ముందు కలిపే రకంలో కలిపాక కూడా గడ్డలు కనబడినా పారేయండి.

బారువ_తీరం:

చాలా ఉపయోగం అయ్యింది, అందరికీ దండాలు. చివరిగా ఒకటి. అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి? షాపులో చెబితే "ఇంకో స్ట్రిప్ తీసుకో బాబూ" అంటున్నారు.

మందుల_కౌంటర్ (చీపురుపల్లి):

రెండు వేరు దారులున్నాయి, కలపకండి.

మందు మంచిదే, ఒంటికి పడలేదు అనుకుంటే (దద్దుర్లు, నోట్లో పుళ్ళు, కామెర్లు, మూత్రం తగ్గడం) అది జాతీయ ఫార్మకోవిజిలెన్స్ (మందుల చెడు ప్రభావాల మీద నిఘా) కార్యక్రమానికి వెళ్ళాలి. ఘాజియాబాద్ కేంద్రం నడుపుతుంది, టోల్ ఫ్రీ 1800-180-3024, ఆఫీసు రోజుల్లో పగటి పూట. రోగులు సొంతంగా నింపే ఫారం తెలుగులోనూ ఉంది. నాలుగు లేకపోతే అది పనికి రాదు: రోగి పేరులోని మొదటి అక్షరాలూ వయసూ, ఏ మందు, ఏం జరిగింది ఎప్పుడు మొదలైంది, చెబుతున్నది ఎవరు. రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. వార్డు గారు చెప్పిన "వేల మందిని పోల్చడం" జరిగేది ఈ కాగితాలతోనే.

మందే తేడాగా ఉందనుకుంటే (రంగు మారింది, పొడి రాలుతోంది, సిరప్‌లో తునకలున్నాయి, ఎప్పటిలా పని చెయ్యట్లేదు) జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆయన కదలకపోయినా దారుంది. మందుల చట్టం 26వ సెక్షన్ ప్రకారం కొన్న మనిషి ఎవరైనా ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. దరఖాస్తు ఫారం 14-ఎ, రిపోర్టు ఫారం 14-బి మీద సంతకంతో వస్తుంది. దీనికి బిల్లు కావాలి, అందుకే బిల్లు మీద నేనంత పట్టుబడుతున్నది. తెరవని స్ట్రిప్ గానీ సీసా గానీ అదే బ్యాచ్‌ది ఇంకొకటి కొని పెట్టుకోండి. సగం తాగిన సీసా ఇస్తే "మీ ఇంట్లోనే కలిసింది" అంటారు. తాగిన సీసా కూడా పారేయకండి, మూత బిగించి, కడగకుండా, వేరే సీసాలోకి పొయ్యకుండా, లేబుల్‌తో సహా కవర్లో పెట్టి ఉంచండి. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగేది అదే.